విడిగా పెట్టిన లోటా

పోయినవారం మీరు నన్ను గెంట్రీ ఫోర్డ్ చరిత్ర సంఘం వారి బేస్‌మెంట్‌లో, మోకాళ్ళ మీద రెండు వందల నలభై ఏళ్ళ నాటి వంటల పుస్తకంతో వదిలేసి వెళ్ళారు. నేనింకా అక్కడే ఉన్నాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు చంద్రిక. ఏలూరు పిల్లని. మా ఆయన శశికాంత్‌కి ప్రాజెక్ట్ మారడంతో ప్లేనో వదిలి, ఈ తూర్పు టెనెసీ కొండల్లోకి వచ్చి రెండేళ్ళయింది. నా వీసా మీద జీతం తీసుకోవడానికి లేదు, ఊరికే చేస్తే ఎవరూ కాదనరు. అందుకని వారానికి మూడు రోజులు ఈ సంఘంలో పాత కాగితాలు టైప్ చేసిపెడుతున్నాను. సంఘం అంటే మిస్ ఎలినార్ గెంట్రీ ఒక్కరే అనుకోండి. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, పెళ్ళయినా పుట్టింటి పేరు వదల్లేదు. ఊరికి పేరిచ్చిన కెప్టెన్ ఆమోస్ గెంట్రీకి ఆరో తరం మనవరాలు. ఈ ఊళ్ళో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు.

నది రేవు దగ్గర ఒక శిలాఫలకం ఉండేది. చలికాలంలో ఎవరి ట్రక్కో జారి దాన్ని గుద్ది ముక్కలు చేసింది. కొత్తది చెక్కిస్తున్నారు, పాత మాటలతోనే. "పడమటికి వెళుతూ ఇక్కడ విడిది చేసిన రూత్ గెంట్రీ, ఆమె ఐదేళ్ళ కొడుకు జోయెల్, 1780 మార్చి 9న చెరోకీల దాడిలో హతులయ్యారు." చెరోకీలంటే ఈ కొండల్లో ముందు నుంచీ ఉన్న అమెరికన్ ఇండియన్లు. ఈ మాటలున్న కాగితం మీద ఎలినార్ సంతకం పెట్టి, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా రాయి చెక్కే వేడ్‌కి పంపాలి. గురువారం మూడింటికి బేస్‌మెంట్‌లో నాకు తట్టిందేమిటంటే, ఆ దాడి అసలు జరగలేదని.

రూత్ ఆమోస్ భార్య. నా ఒళ్ళో ఉన్న వంటల పుస్తకం ఆవిడదే, వంటలతో పాటు రోజువారీ సంగతులూ అందులోనే రాసుకుంది. ముందు ఆ ప్రయాణం సంగతి చెప్పాలి. మా పోస్టాఫీసు గోడ మీద పెద్ద బొమ్మ ఉంది. తెల్ల గుడ్డ కప్పిన బండ్లు, తుపాకీ పట్టుకుని దూరానికి చూస్తున్న మగవాళ్ళు, చెట్ల చాటున నక్కిన ఇండియన్లు. రూత్ పుస్తకం చదివాక ఆ బొమ్మ చూస్తే నవ్వొస్తుంది. అప్పటికి ఆ దారి బండి పట్టేది కాదు. కరొలైనాలోని యాడ్కిన్ లోయలో ఆమోస్ నాయకత్వంలో బయల్దేరిన పదకొండు కుటుంబాలూ సామాన్లు గుర్రాల వీపున వేసి, పెద్దవాళ్ళు నడిచి, కంబర్లాండ్ కనుమ వైపు పోయారు. చిన్నపిల్లల్ని గుర్రానికి అటొకటి ఇటొకటి కట్టిన కొమ్మల బుట్టల్లో కూర్చోబెట్టారు. ఒక బుట్టలో జోయెల్, రెండో బుట్టలో వాడి చెల్లెలు లిడియా.

మగవాళ్ళు రాసిన కాగితాలు కూడా మా సంఘంలో ఉన్నాయి. వాటిల్లో భయాలన్నీ ఒక తీరు. దాడి, ఎలుగుబంటి, దారి తప్పడం. రూత్ భయాలు వేరు. తడిసిన బూట్లు. ఉప్పు అయిపోవడం. నెలలు నిండిన మిసెస్ కోల్‌కి నొప్పులు ఏ కొండ మీద మొదలవుతాయో. ఏరు దాటేటప్పుడు గుర్రం కాలు జారితే ఏ బుట్ట కిందికి వెళ్తుందో. జనవరిలో ఒక గుర్రం నిజంగానే జారింది. పిల్లలకేమీ కాలేదు కానీ, జోయెల్ తగరపు లోటా డెక్క కింద పడి, పిడి కింద సొట్ట పోయిందని రాసుకుంది. చెరోకీల మాట మొత్తం పుస్తకంలో రెండుసార్లే ఉంది. ఒకసారి, గట్టు మీద నిలబడి తమని చూసి వాళ్ళు వెళ్ళిపోయారని. రెండోసారి, ఈ నేల వాళ్ళది కదా అని తను ఆమోస్‌తో అంటే, ఆయన విననట్టు ఊరుకున్నాడని.

యాభయ్యో దశకంలో ఒక ప్రొఫెసర్ గారు ఈ పుస్తకం చూసి, ప్రయాణం సంగతులన్నీ చక్కగా ఎత్తి రాసుకున్నారు. చివరి పద్నాలుగు పేజీల దగ్గరికొచ్చేసరికి "వంటింటి వివరాలు, వదిలేశాను" అని పెన్సిల్‌తో గీసి పోయారు. ఆయన్ని ఏమనాలో నాకు తెలుసు కానీ పత్రికలో రాయను.

ఆ పేజీల్లో ఉన్నవి ఇవీ.

"ఈ పూట కొవ్వు వేయించలేదు. ఆ వాసనకి జోయెల్ ముఖం తిప్పుకుంటున్నాడు."

"జోయెల్ లోటా విడిగా పెట్టాను. ఎవరూ ముట్టకుండా పిడికి ఎర్రదారం కట్టాను."

"వాడి దుప్పటి గుర్రం మీద వెయ్యలేదు. నేనే మోశాను."

"మిసెస్ కోల్‌ని నిప్పు అడిగాను. కణికలు రాతి మీద పెట్టి వెనక్కి జరిగింది. ఆవిడకి తెలిసిపోయింది."

జబ్బు అన్న మాట ఎక్కడా లేదు. ఒళ్ళు వెచ్చబడిందని కూడా లేదు. ఇంగ్లీషులో పుట్టి పెరిగిన ప్రొఫెసర్ గారికి ఇవి వంటింటి వివరాలే. నాకు మాత్రం ఒక్కసారిగా ఏలూరు పవర్‌పేటలో మా ఇంటి వెనక గది గుర్తొచ్చింది.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మవారు పోసింది. ఆ జబ్బుకి ఇంకో పేరుందని నాకు ఇంటర్మీడియట్‌లో కానీ తెలియలేదు. మా నాయనమ్మ లక్ష్మీకాంతం గారు ఇంట్లో ఎవర్నీ ఆ పేరు ఎత్తనివ్వలేదు. పదమూడు రోజులు పొయ్యి మీద తాలింపు చిటపటలాడలేదు. నా కంచం, నా లోటా గోడవారగా విడిగా ఉండేవి. పక్కింటి సుబ్బులు అత్తయ్య మజ్జిగ గిన్నె మా గడప అవతల పెట్టి, మూడడుగులు వెనక్కి వేసి, అప్పుడు పిలిచేది. మూడో నీళ్ళు పోశాక నాయనమ్మ ఆ లోటా తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వే కడుక్కో" అంది. అది కడుక్కోవడమంటే ఇక నేను మళ్ళీ అందరిలో మనిషినని. ఆ రోజు నేనెంత తోమానో, ఎంత గర్వపడ్డానో ఇప్పటికీ గుర్తే.

నాకొచ్చింది చిన్నది. జోయెల్‌కి వచ్చింది పెద్దమ్మవారు, మనుషుల్ని తుడిచిపెట్టేసే మశూచి. రూత్‌కి ఆ సంగతి తెలుసు. పేరెత్తితే పదకొండు కుటుంబాలూ చెదిరిపోతాయని కూడా తెలుసు. అందుకే తన పుస్తకంతో సహా ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే, మిగతా పిల్లలకి అంటకూడదని చెయ్యాల్సిందంతా చేసింది. మా నాయనమ్మా ఆవిడా ఒకరినొకరు చూసుకుని ఉంటే మాటల అవసరం లేకుండానే వంట ముగించేవారు.

పుస్తకంలో మిగిలిన చివరి రాత మార్చి 9 పొద్దుటిది.

"వాళ్ళు కదిలారు. విడిగా ఉండాల్సినవాళ్ళని వదిలి సాగాలన్నది ఆమోస్ పెట్టిన నియమమే, ఆమోసే తప్పలేడు. రెండు వారాలకి పిండి, గొడ్డలి, నిప్పు ఇచ్చి వెళ్ళాడు. లిడియా బుట్టకి సరితూగాలని రెండో బుట్టలో జోయెల్ బరువుకి రాళ్ళు వేశారు. జోయెల్ చూస్తూ ఉన్నాడు."

ఆ తర్వాత నాలుగు కాగితాలు కత్తితో నీటుగా కోసేసి ఉన్నాయి. పుస్తకంలో ఇంకేమీ లేదు కాబట్టి ఊరు ఆమోస్ చెప్పిందే రాసుకుంది.

ఆమోస్‌ని తిట్టుకుందామంటే బుట్టలో ఉన్న లిడియా అడ్డొచ్చింది. ఆ పిల్లకి పైన ఇంకా ఇద్దరు అక్కలున్నారు. ఇంకో పది కుటుంబాలు ఆయన మాట మీద నడుస్తున్నాయి. ఒక తండ్రి చెయ్యకూడనిది చేశాడు, ఒక నాయకుడు చెయ్యాల్సింది చేశాడు, ఇద్దరూ ఒకడే. అంతవరకు నేను ఒప్పుకోగలను. తర్వాత ఎప్పుడో వెనక్కొచ్చి, ఈ రేవు దగ్గరే ఇల్లు కట్టుకుని, ఆ నేరాన్ని తీసుకెళ్ళి చెరోకీల నెత్తిన రుద్దడం మాత్రం ఒప్పుకోలేను.

ఇదంతా గురువారం సాయంత్రం అన్నం తింటూ శశికి చెప్పాను. అక్కడే పొరపాటు చేశాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి శశి కాఫీ కప్పుతో, ఫోనుతో, వెలిగిపోతున్న ముఖంతో కిచెన్‌లోకి వచ్చాడు.

"చందూ, నీ డిస్కవరీకి ఎన్ని రియాక్షన్స్ వచ్చినయో చూడు."

మా ప్రాంతం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్. నేను తీసుకున్న మార్చి 9 పేజీ ఫొటో. దాని కింద, "మా మిసెస్ హిస్టరీనే మార్చేసింది. కెప్టెన్ గెంట్రీ స్టోరీ మొత్తం ఫేక్" అని శశి రాత. దాని కింద చప్పట్లు, దండాలు, ఒకరెవరో సంబంధం లేకుండా పెట్టిన గుడ్ మార్నింగ్ పువ్వు.

"నిన్నెవరు పెట్టమన్నారు?" అన్నాను.

"ఏమైందే? మంచిగనే రాసిన కదా. మనోళ్ళకి చెప్పుకోకపోతే ఇంకెవరికి చెప్పుకుంటం?"

సీరియల్ తింటున్న మా దియ తలెత్తింది. దానికి పదకొండేళ్ళు, వయసు కన్నా న్యాయం ఎక్కువ. "నాన్నా, అది మిస్ ఎలినార్ ఫ్యామిలీ గురించి. షీ షుడ్ నో ఫస్ట్."

"ఎలినార్ గారు మన గ్రూప్‌ల లేరు కదరా."

"ఆవిడ లేరు. ఇంకెవరున్నారో చూశావా?" అన్నాను.

చూపించాడు. కళ్ళ డాక్టర్ మోహన్ గారు నాలుగు చప్పట్ల తర్వాత రాశారు. "వావ్. ఎలినార్ గారు ఇవాళ పదకొండింటికి నా దగ్గరికే చెకప్‌కి వస్తున్నారు. స్వయంగా కంగ్రాట్స్ చెప్తాను."

శశి ముఖంలో వెలుగు మెల్లగా తగ్గింది. వెంటనే డిలీట్ చేశాడు. మోహన్ గారికి కాల్ చేస్తే ఆయన అప్పటికే పేషెంట్స్‌తో బిజీ అని రిసెప్షన్ అమ్మాయి చెప్పింది. మన ఆనందాలన్నీ మనవాళ్ళ గ్రూపులో పెట్టేదాకా మనకి తోచదు. అందులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, అదే దానితో వచ్చిన చిక్కు.

"సారీ చందూ. నేను వచ్చి చెప్పనా ఆవిడకి?"

"వద్దు. నేనే చెప్పాలి."

ఎలినార్ ఇల్లు మాకు నాలుగు మైళ్ళు. ఆ నాలుగు మైళ్ళూ నాకు భయం వేసింది. మొదటిసారి ఈ ఊళ్ళో మంచు కురిసినప్పుడు నా చేత బూట్లు కొనిపించింది ఆవిడ. దియ కోసం స్కూల్‌కి వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడింది ఆవిడ. ఏడాదిన్నరగా నన్ను పేరుతో పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఆవిడొక్కతే. నోరు విప్పితే ఆవిడ పోతుంది. విప్పకపోతే, నేను టైప్ చేసిన అబద్ధం ఇంకో రెండు వందల ఏళ్ళు రాతి మీద ఉంటుంది, బడి పిల్లలు వరసలో నిలబడి చదువుకుంటారు, వాళ్ళలో దియ కూడా ఉంటుంది.

తొమ్మిదిన్నరకి తలుపు తట్టాను. వంటింట్లో బిస్కెట్లు చేస్తోంది. మన బిస్కెట్లు కాదు, ఇక్కడి మెత్తటివి. డబ్బాలోంచి లోటాతో పిండి తీసి పళ్ళెంలో పోస్తూ, "కూర్చో హనీ. పదకొండింటికి మీ మోహన్ దగ్గరికి పోవాలి, ఈ లోపు ఒక వాయి అయిపోతుంది" అంది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే. నాకెప్పుడూ తెలుగులోనే గుర్తుంటుంది, అలాగే రాస్తున్నాను.

బల్ల మీద శిలాఫలకం కాగితం ఉంది. పక్కన పెన్ను. ఇంకా సంతకం కాలేదు.

"మిస్ ఎలినార్, సంతకం పెట్టకండి" అన్నాను.

ఎందుకని అడగలేదు. చేతులు తుడుచుకుని నాకెదురుగా కూర్చుంది. నేను తెచ్చిన కాగితాలు ఒక్కొక్కటే పరిచాను. కొవ్వు వేయించకపోవడం, ఎర్రదారం, దుప్పటి, రాతి మీద నిప్పు. ఏలూరు వెనక గది చెప్పాను. బుట్టలో రాళ్ళ వాక్యం వేలితో చూపిస్తూ చదివాను. చివరిదాకా చెప్పాను.

ఆవిడ కాగితాలన్నీ ఒక్కటిగా సర్ది నా వైపు జరిపింది. తర్వాత, ఎప్పుడూ నాతో మాట్లాడని గొంతుతో అంది.

"నువ్వు ఈ లోయకొచ్చి రెండేళ్ళు. మా వాళ్ళు వచ్చి రెండు వందల నలభై. మీ నాయనమ్మ వంటింట్లో ఏం జరిగిందో దాన్ని బట్టి నా ముత్తాతలకి ఏం జరిగిందో చెబుతున్నావా? ఒక లోటా సాక్ష్యమా?"

నాకు తగిలింది. తగలాలనే అంది.

"వంటింటి సాక్ష్యం కాబట్టే ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు" అన్నాను. "మీ ప్రొఫెసర్ గారు వదిలేసినవి నేను చదివాను, అంతే. దాడిలో తల్లీబిడ్డా ఇద్దరూ పోతే ఈ పుస్తకం ఎవరు తెచ్చారు?"

"ఆమోస్ తిరిగొచ్చినప్పుడు రేవు దగ్గర దొరికింది. అందరికీ తెలిసిన సంగతే."

"రేవు దగ్గర వానలో, మంచులో పడి ఉన్న పుస్తకానికి ఒక్క తడి మరక లేదు. నాలుగు కాగితాలు మాత్రం కత్తితో కోసి ఉన్నాయి. వాటిల్లో ఏం ఉందో ఎవరికో తెలుసు, కాబట్టే కోశారు."

ఎలినార్ నా ముఖంలోకి చూడటం మానేసి కిటికీలోంచి బయటికి చూసింది. డాగ్‌వుడ్ చెట్టు తెల్లగా పూసి ఉంది.

"ఇంకొకటి కూడా ఉంది" అన్నాను. దాచుకుని ఏం లాభం. "ఈ సంగతి మా శశి పొరపాటున మా వాళ్ళ గ్రూపులో పెట్టేశాడు. మోహన్ గారు చూశారు. మీకు వేరే వాళ్ళ నోటి నుంచి తెలియకూడదని పరిగెత్తుకొచ్చాను."

"గ్రూపులో ఎంతమంది?"

"నూట ఎనభై."

"నాకన్నా ముందు నూట ఎనభై మందికి తెలిసిందన్నమాట." పెదవి చివర చిన్న నవ్వు కదిలి ఆగిపోయింది. "మా వాళ్ళు రెండు వందల నలభై ఏళ్ళు దాచారు, మీ ఆయన ఒక్క కాఫీ తాగేలోపు అయిపోగొట్టాడు."

దాచారు అన్న మాట నేను విన్నాను. నేను విన్నానని ఆవిడా చూసింది.

"నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా క్లాసులోకి ఒక చెరోకీ పిల్ల వచ్చింది" అని మొదలుపెట్టింది. "భోజనం బల్ల దగ్గర నా పక్కన కూర్చోబోతే, మీ వాళ్ళు మా జోయెల్‌ని చంపారు, ఇక్కడ కూర్చోవద్దు అన్నాను. మా జోయెల్. వాడు పోయిన నూట డెబ్బై ఏళ్ళకి. ఆ పిల్ల కంచం తీసుకుని వెళ్ళి గోడవారగా నిలబడి తింది. పెద్దయ్యాక నలభై ఏళ్ళు ఆ రాతి దగ్గర పిల్లలకి అదే కథ చెప్పాను. ఎన్ని వందల మందో. చెబుతున్నప్పుడల్లా ఆ పిల్ల నిలబడి తినడం కనిపించేది. అయినా చెప్పాను."

"మీకు తెలిసి చెప్పారా?"

"తెలుసుకోవచ్చు, కానీ తెలుసుకోకుండా చెప్పాను. అది ఇంకా అన్యాయం."

లేచి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో పాత పొగాకు డబ్బా ఒకటి ఉంది, మూత అంచులు తుప్పు పట్టి. నా ముందు పెట్టింది.

"నా పెళ్ళిరోజున మా నాయనమ్మ ఇచ్చింది. కాగితాలు కోసింది ఆవిడ కాదు, ఆవిడ అత్తగారు. మంటలో వెయ్యడానికి ఒక్కరికీ చేతులు రాలేదు, చదవడానికి ధైర్యం రాలేదు. గెంట్రీ ఇంటి ఆడవాళ్ళం ఒకరి తర్వాత ఒకరం అలా మోసుకొచ్చాం. నేను ఒక్కసారి మూత తీసి, పైన తేదీ చూసి, మూసేశాను. ఆ తేదీ చాలు నాకు, రాతి మీదది తప్పని తెలియడానికి." కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నా కళ్ళు ఇప్పుడు అంత సన్న రాత పట్టవు. నువ్వు చదువు."

మూత బిగిసిపోయి ఉంది. చెంచా పిడితో ఎత్తాను. నాలుగు కాగితాలు, నాలుగు మడతలు. అదే చెయ్యి, అదే మట్టిరంగు సిరా. పైన తేదీ 1780, ఏప్రిల్ 2.

మొదటి వాక్యం పైకి చదివాను.

"ఈ రోజు జోయెల్ తన లోటా తానే కడుక్కున్నాడు."

ఇంక చదవలేకపోయాను. ఎలినార్‌కి అర్థం కాలేదేమోనని చెప్పబోయాను. అవసరం లేకపోయింది. పది నిమిషాల క్రితం ఏలూరు కథలో ఆ లోటా కడుక్కోవడం అంటే ఏమిటో నేనే చెప్పాను. ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"బతికాడు" అంది చేతుల వెనక నుంచి. "ఆ బిడ్డ బతికాడు."

ఇద్దరం ఏడ్చాం. ఎందుకో వివరంగా చెప్పలేను. రెండు వందల నలభై ఏళ్ళ క్రితం జ్వరం తగ్గిన పిల్లాడి కోసం ఇద్దరు ఆడవాళ్ళు ఒక శుక్రవారం పొద్దున వంటింట్లో కూర్చుని ఏడవడం లోకంలో పెద్ద వింత కాకపోవచ్చు. నాకు మాత్రం గొప్ప హాయిగా ఉంది.

కళ్ళు తుడుచుకుని తర్వాతి నాలుగు వాక్యాలు చదివాను. రూత్ ఒక చెరోకీ ఆవిడ ఇంట్లో ఉంది. పిండి అయిపోయాక, తను కూడా పడిపోయాక, ఆవిడే వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్ళింది. "ఆవిడ ముఖం నిండా పాత మచ్చలు. అందుకే మాకు భయపడలేదు. ఆవిడ మాట నాకు రాదు. నా లోటా కూడా విడిగానే పెట్టింది, అది చూసి అర్థం చేసుకున్నాను."

ఎలినార్ బల్ల మీది శిలాఫలకం కాగితాన్ని తీసుకుని మధ్యకి మడిచి చించింది. మళ్ళీ మడిచి మళ్ళీ చించింది. ఫోన్ తీసి వేడ్‌కి కాల్ చేసి, "రాయి ఖాళీగా ఉంచు. ఏం చెక్కాలో మాకింకా తెలియదు" అని పెట్టేసింది. మోహన్ గారి క్లినిక్‌కి కూడా చేసి, ఇవాళ రావడం లేదని చెప్పింది. నేను భయపడినట్టు నా స్నేహితురాలు ఎక్కడికీ పోలేదు. కాస్త ముసలిదైపోయినట్టు కనిపించింది, అంతే.

"వరసగా చదవనా?" అన్నాను.

"ముందు చివరి మాట చదువు. ఈ వయసులో నన్ను ఆగమనకు."

నాలుగో కాగితం విప్పాను. తేదీ 1781, అక్టోబరు 14. ఏడాదిన్నర గడిచింది.

"రేపు కొండ దిగుతాం. రేవు దగ్గర కొత్త ఇల్లు లేచిందట, పొగ వస్తోందట. అది ఆమోస్ ఇల్లేనని చూసినవాళ్ళు చెప్పారు. నాన్నకి చూపించాలని జోయెల్ పొద్దుట్నుంచీ లోటా ఇసకతో తోముతున్నాడు."

అక్కడితో అయిపోయింది. వెనక్కి తిప్పి చూశాను, ఖాళీ.

ఎలినార్ ముఖం పాలిపోయింది. ఎందుకో నాకూ తెలుసు. వాళ్ళ వంశవృక్షం టైప్ చేసింది నేనే. ఆమోస్ గెంట్రీ రెండో పెళ్ళి 1781, ఏప్రిల్. రూత్ కొండ దిగే నాటికి ఆ పొగ వస్తున్న పొయ్యి ముందు వేరే ఆవిడ ఉంది. ఎలినార్ వచ్చింది ఆ ఆవిడ కడుపున.

"వాళ్ళు ఆ ఇంటిదాకా వచ్చి ఉండరు" అంది ఎలినార్. తనకి తాను చెప్పుకుంటున్నట్టు అంది. "దారిలోనే ఏదో అయ్యుంటుంది. వచ్చి ఉంటే మాకు తెలిసేది. ఒక్క గుర్తయినా ఉండేది."

లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. చేతులకి పని కావాలి కాబోలు. డబ్బాలో చెయ్యి పెట్టి, ఎప్పుడూ పిండి కొలిచే ఆ పాత తగరపు లోటాతో పిండి తీసింది. ఆమోస్ తాత లోటా అని నాకు ఎన్నోసార్లు చూపించినదే. పళ్ళెం మీద వంచింది. కిటికీలోంచి వెలుతురు దాని మీద పడింది.

పిడికి సరిగ్గా కింద, గుర్రపు డెక్క అంచు పట్టేంత సొట్ట.